నీళ్లొదిలే ఉద్యోగం

చిక్కబళ్ళాపుర స్టేషన్లో పొద్దున్నే బెంగళూరు రైలెక్కే పిల్లలను అప్పుడప్పుడూ చూస్తుంటాను. మెడలో ఆఫీసు కార్డు, వీపున సంచి, చెవిలో ఫోను. ఆ ఫోన్లో వాళ్లు చెప్పే మాట మాత్రం మారదు. అదీ ఒక ఊరేనా, అందులో ఉండేవాళ్లు మనుషులేనా, రెండేళ్లు ఎట్లో గడిపేసి వెనక్కి వచ్చేస్తా అంటుంటారు. నేనూ అదే రైలెక్కి, వాళ్ల పక్కనే కూర్చొని, వింటూ ఊరుకుంటాను. ఆ రెండేళ్లు ఎంత సాగుతాయో నాకు తెలుసు. నావి ఇరవయ్యారు అయ్యాయి.

వాళ్లలో ఎవరైనా ఓపికగా వింటే చెప్పాలనుకున్న సంగతి ఇది. రైల్లో ఎవరూ వినలేదు కాబట్టి రాస్తున్నాను. ఇందులో మనుషుల పేర్లు చెప్పను. వాల్వుల పేర్లు చెబుతాను, అవి కోపం తెచ్చుకోవు. ఒక్కటి తప్ప.

నేను బెంగళూరులో వాల్వుమ్యాన్‌గా పనిచేశాను. నీళ్ల శాఖలో అన్నిటికంటే కింది ఉద్యోగం అది. నిజంగానే కిందిది, భూమికి నాలుగడుగుల లోతున ఉండేది. రోడ్డు మీద ఇనుప మూత తీసి, పొడుగాటి ఇనుప కీ లోపలికి దించి తిప్పితే ఒక వీధికి నీళ్లు పోతాయి. ఎదురు తిప్పితే ఆగుతాయి. ఈ పనిని కన్నడలో 'నీరు బిడోదు' అంటారు. మా వైపు వాళ్లం కన్నడ మాటను ఉన్నదున్నట్టు ఎత్తి తెలుగులో దించేయడంలో గట్టివాళ్లం కదా. ఉద్యోగం వచ్చిన రోజు ఇంటికి పోయి, గడప దాటకముందే మా ఆమెతో గొప్పగా చెప్పాను, "బెంగళూర్లో నీళ్లొదిలే పని దొరికిండాది" అని.

ఆమె ముఖం మాడిపోయింది. మన తెలుగులో నీళ్లొదలడమంటే ఏమిటో మీకు తెలుసు. తప్పిపోయిన ఎద్దుకు నీళ్లొదులుతాం, మాట తప్పిన బావమరిదికి నీళ్లొదులుతాం. ముప్పై దాటాక, అంతమంది దేవుళ్లకు మొక్కితే వచ్చిన ఉద్యోగానికి చేరకముందే నీళ్లొదిలే పేరు పెట్టడం ఆమెకు నచ్చలేదు. "ఎవురన్నా అడిగితే నీళ్లిచ్చే పని అని చెప్పు. ఒదిలేది గిదిలేది అనొద్దు" అంది. తొమ్మిదేళ్లు అలాగే చెప్పాను.

నిజానికి ఆ పని మా ఇంట్లో కొత్తది కాదు. మండికల్ దగ్గరి మా ఊళ్లో మా తాత నీరుగంటి. చెరువు నీళ్లను వంతుల ప్రకారం మళ్లకు పంచే మనిషిని నీరుగంటి అంటారు. పార భుజాన వేసుకొని ఆయన కట్ట మీద నడుస్తుంటే ఎంత పెద్ద రైతైనా నోరెత్తేవాడు కాదు. వానలు తక్కువైన ఏడు ఆయన లెక్క ఒకటుండేది, చివరి మడికి మొదటి నీళ్లు. తూము పక్కనున్న మడి ఎలాగూ తడి పీల్చుకుంటుంది, కొసనున్న వాడికే ఎవరూ లేరు అనేవాడు. ఆయన పోయాక చెరువు నిండటమూ మానేసింది, బోరుబావులు వచ్చాయి, ఆ పదవి పోయింది. పేరు మాత్రం నాకు అంటుకుంది. ఊళ్లో నన్ను అందరూ నీరుగంటి మనవడనే పిలిచేవాళ్లు. నా అసలు పేరు బళ్లో అయ్యవారికి తప్ప ఎవరికీ అవసరం పడలేదు.

అలాంటి వాణ్ని బెంగళూరు ఎలా పలకరించిందో వినండి. మొదటిరోజు ఒక వీధిలో మూత తీసి వంగితే, మేడ మీది నుంచి ఎవరో కన్నడలో "ఎవడయ్యా నువ్వు, ఏం తవ్వుతున్నావు?" అని అడిగారు. నీరుగంటి మనవణ్ని అని చెబితే అర్థమయ్యే ఊరు కాదు. ఆ రోజే ఆ నగరం మీద నాకు మంట పుట్టింది, దాన్ని తొమ్మిదేళ్లు ఆరనివ్వకుండా కాపాడుకున్నాను. భార్యాపిల్లల్ని ఊళ్లోనే ఉంచాను, ఎలాగూ వెనక్కి పోతాను కదా అని. నా గదిలో మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. గోడకు మేకు కొట్టుకొని చొక్కా తగిలించుకుంటే ఈ ఊరికి లొంగిపోయినట్టేనని, ఉతికిన బట్టలు మళ్లీ ఆ పెట్టెలోనే పెట్టుకునేవాణ్ని. ముడతల చొక్కాల వల్ల నగరానికి వచ్చిన నష్టం ఏమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. శనివారం సాయంత్రం బాగేపల్లి బస్సు, మా ఊరికి దిగాల్సిన పేరేసంద్రకు చేరితే గాని నాకు ఊపిరాడేది కాదు. సోమవారం పొద్దున అదే పేరేసంద్రలో మళ్లీ బస్సెక్కేటప్పుడు, బడికి ఈడ్చుకుపోతున్న పిల్లాడిలా ఉండేవాణ్ని.

నాకు పని నేర్పిన పెద్దాయన నాకు పూర్తిగా విరుద్ధం. ఇంట్లో అరవం, వీధిలో కన్నడం, నాతో తెలుగు. మూడూ ఒకే చొక్కా జేబులో పెట్టుకున్నట్టు చేతికి ఏది వస్తే అది తీసేవాడు. చేరిన కొత్తలో, మీదే ఊరన్నా అని అడిగాను. మేమిద్దరం ఒక మూతను లేపుతున్నాం. ఆయన కాలితో ఆ మూతను తట్టి, "ఇదే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "అది కాదన్నా, అసలు ఊరు?"

"అసలూ ఇదే, వడ్డీ కూడా ఇదే. మా తాత ఈ రోడ్లోనే పుట్టినాడప్పా."

మనిషికి బెంగళూరు సొంత ఊరు కావచ్చునని నాకు అంతవరకు తోచలేదు. అది బస్టాండు లాంటిదని, అందరూ ఎక్కణ్ణుంచో వచ్చి ఎక్కడికో పోవడానికి నిలబడ్డారని అనుకునేవాణ్ని. బస్టాండులో పుట్టిన మనిషిని చూసినట్టు ఆయన వైపు చూశాను. జాలి కూడా పడ్డాను. శనివారం వస్తే ఈయన యాడికి పోతాడు పాపం అని.

మా బడావణెలో, అంటే మాకు అప్పగించిన పేటలో, పన్నెండు వాల్వులు. మ్యాపులో ఏడే ఉండేవి, మిగతా ఐదు పెద్దాయన తలలో ఉండేవి. కొత్తగా తారు వేసిన ప్రతిసారీ రోడ్డు వాళ్లు మూతల్ని కప్పేసేవాళ్లు. పెద్దాయన వేపచెట్టు నుంచి ఆరు అడుగులు, గేటు నుంచి మూడు అడుగులు అని కొలిచి, మడమతో కొట్టి, చప్పుడును బట్టి ఇక్కడ తవ్వు అనేవాడు. ప్రతి వాల్వుకూ ఒక పేరు. త్వరగా తిరిగేది పెండ్లికూతురు, బిగుసుకుపోయేది మొండిబసవ, ఎప్పుడూ కారేది జలుబు. దిన్నె అడుగున ఉన్న పాత వాల్వు పేరు అత్త.

అత్త గురించి ఆయన మొదటి వారమే చెప్పాడు. దిన్నె మీదికి పోయే గొట్టం పాతది, మలుపు దగ్గర దాని అతుకు ఇంకా పాతది. అత్తను పదకొండు చుట్లు తిప్పొచ్చు. పన్నెండో చుట్టు తిప్పితే ఆమెకు కోపమొస్తుంది. పదకొండు చుట్లతో నీళ్లు దిన్నె నడుమ వరకు బాగా పోతాయి, కొసన ఉన్న వఠారానికి పోయేసరికి గాలి మాత్రమే మిగులుతుంది. అందులోనూ కింది మూడు రోడ్లకు ఇచ్చాక, అన్నిటికంటే చివర దిన్నెకు ఇచ్చేవాళ్లం. ఎందుకని అడిగితే, తనకు ముందున్న వాడు అలాగే ఇచ్చేవాడని చెప్పాడు. కింది రోడ్లలో పెద్ద ఇళ్లు, ఇంటికో నీళ్ల సంపు, సంపుకో ఫోను. ఆలస్యమైతే ఆ ఫోన్లు మోగేవి. దిన్నె మీద ఫోన్లు లేవు, బిందెలే ఉండేవి.

ఆ వఠారంలో పది ఇళ్లకు ఒకటే కొళాయి. అక్కడ ఒక ఆమె పూలు కట్టి అమ్మేది, చింతామణి వైపు మనిషి. నా తెలుగు విని ఆమే ముందు పలకరించింది. ఒకరోజు కొళాయి తిప్పి చూపించింది. అది పాము మాదిరి బుస కొట్టింది, రెండు చుక్కలు రాల్చింది. "గాలికి కూడా బిల్లేస్తారేమప్పా మీ ఆఫీసోళ్లు?" అంది. కోపంగా అనలేదు. అదే నన్ను పట్టుకుంది. చివరి మడికి ఎవరూ లేరన్న తాత మాట గుర్తొచ్చి, ఆ రోజు అన్నం సరిగా దిగలేదు. పెద్దాయనతో చెబితే, నాకూ బాధగానే ఉందప్పా, అతుకు మార్చమని రెండుసార్లు రాసిచ్చినా, నువ్వు మాత్రం పన్నెండో చుట్టు తిప్పొద్దు అన్నాడు.

చిక్కబళ్ళాపుర జిల్లా అయిన కొత్తలో సంగతి ఇదంతా. కొత్త జిల్లాకు కొత్త ఆఫీసులు వచ్చాయి, వాటికి మనుషులు కావాలన్నారు. ఏటేటా నేను పెట్టే అర్జీని ఆ ఏడు ఎవరో చదివినట్టున్నారు. ఒక శుక్రవారం పొద్దున ఆఫీసుకు పోతే నా వర్గావణె ఉత్తరువు వచ్చి ఉంది. చిక్కబళ్ళాపురలో నీళ్ల పనికి బదిలీ. సోమవారం ఇక్కడ విడుదల. మండికల్ నుంచి ఇంటిదాకా నడిచినా, సాయంత్రానికి మా ఆమె చేతి ముద్ద తినొచ్చు. ఉత్తరువును మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, పెద్దాయన్ను టీ అంగట్లో కూర్చోబెట్టి, ఈ పూట అన్ని వాల్వులూ నేనే చూసుకుంటానన్నాను. ఇదేం పుణ్యమప్పా అన్నాడు. పోయేముందు ఒక మంచి పని చేద్దామని చెప్పాను, ఏమిటో చెప్పలేదు.

మంచి పని చేయాలని బుద్ధి పుట్టినప్పుడు ఒక పూట ఆగి చూడమని నా సలహా. నేను ఆగలేదు. మూడు కింది రోడ్ల వాల్వులూ బిగించేశాను. అత్త మూత తీసి కీ దించాను. పదకొండు తిప్పాను. తాత పేరు తలుచుకొని ఇంకో పదకొండు తిప్పాను. గొట్టంలో నీళ్లు ఉరుముతూ పైకి పోయిన చప్పుడు నా అరికాళ్లకు తెలిసింది. కీని గుంతలోనే వదిలేసి, ఫలితం చూసుకోవడానికి దిన్నె ఎక్కాను.

వఠారం కొళాయి నుంచి నీళ్లు లావుగా, తెల్లగా, నురగతో దూకుతున్నాయి. బిందె కింద పెడితే బిందె కదిలిపోతోంది. పూలామె నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో కొళాయి మూతి పట్టుకుంటే, ఆ నీళ్లు పక్కకు చిమ్మి అందరినీ తడిపాయి. తొమ్మిదేళ్లలో నేను ఆ నగరంలో సంతోషంగా ఉన్న మొదటి పావుగంట అది. నా భుజం మీద పార ఉన్నట్టే అనిపించింది.

పావుగంట తర్వాత మలుపు దగ్గర రోడ్డు పొంగింది. తారు ముందు చపాతీలా ఉబ్బింది, తర్వాత చీలింది, ఆ చీలిక నుంచి మనిషెత్తు నీళ్లు లేచాయి.

ఇక్కడ చేయాల్సింది ఏమిటో చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. కిందికి పరిగెత్తి, అత్తను ఎదురు తిప్పాలి. కాని నేను నీరుగంటి మనవణ్ని. మా ఊళ్లో కట్ట తెగితే ఎవరూ తూము వైపు పరిగెత్తరు, తెగిన చోటికి పరిగెత్తుతారు. మట్టి కొడతారు, కంప వేస్తారు, మనిషే అడ్డం పడుకుంటాడు. నా కాళ్లకు తెలిసింది అదే. గండి దగ్గరికి పరిగెత్తాను. పరిగెత్తుతూ, ఊరందరికీ అర్థం కావాలని, అలవాటు ప్రకారం తెలుగును కన్నడలో దించి అరిచాను. మన 'గండి పడింది'కి నా కన్నడం 'గండి బిత్తు'.

నగరంలో కట్ట ఎవరు చూశారు? గండి అనే మాట వాళ్ల చెవులకు 'గుండి'గా వినబడింది. గుండి అంటే గుంత. బెంగళూరులో మనుషులు గుంతలో పడటం అందరికీ అలవాటైన సంగతి, దానికి ఏం చేయాలో కూడా వాళ్లకు బాగా తెలుసు. ఎవరో గుంతలో పడ్డారనుకొని దిన్నె పైనుంచి ఇద్దరు తాడు తెచ్చారు, కింది రోడ్డు నుంచి ఒక పెద్దమనిషి నిచ్చెన మోసుకొచ్చాడు, ఒకామె ముందుచూపుతో దుప్పటి తెచ్చింది. పడింది ఎవరని అందరూ నన్నే అడుగుతున్నారు. ఎవరూ పడలేదు, మట్టి తెండి, మట్టి అన్నాను. పక్కనే ఇల్లు కడుతున్న చోట ఇసుక ఉంది, సిమెంటు ఖాళీ సంచులున్నాయి. తాడు తెచ్చినవాళ్లు తాడు పడేసి సంచులు నింపారు. నిచ్చెన పెద్దమనిషి పంచె ఎగ్గట్టాడు. దిన్నె మీది వాళ్లూ కింది రోడ్డు వాళ్లూ అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, ఇప్పుడు వరసగా నిలబడి చేయి నుంచి చేతికి సంచులు అందించారు. నేను నడుం లోతు బురదలో నిలబడి, ఇటు వెయ్యి, అటు తొక్కు అని కేకలేస్తూ, తారు రోడ్డు మీద చెరువు కట్ట పోశాను.

ఉన్నట్టుండి నీళ్లు తగ్గాయి. కాసేపటికి ఆగిపోయాయి. నా కట్ట నిలిచింది. సంచి మీద ఎక్కి నిలబడి, చూశారా, మా తాత నుంచి వచ్చిన విద్య అని అందరికీ చెప్పాను. దుప్పటి తెచ్చినామె చప్పట్లు కూడా కొట్టింది.

అప్పుడు దిన్నె కింది నుంచి పెద్దాయన వచ్చాడు. రొప్పుతున్నాడు, మోకాళ్ల వరకు తడిసి ఉన్నాడు, భుజం మీద కీ ఉంది. టీ అంగడి ముందు ఎర్రనీళ్లు పారడం చూసి, గ్లాసు కింద పెట్టి, ఆ వయసులో పరిగెత్తి అత్తను కట్టేసింది ఆయన. నా కట్టను ఒకసారి చూశాడు. నన్ను చూశాడు. "బాగుండాదప్పా. వరి నాట్లెప్పుడు?" అన్నాడు.

నష్టం చిన్నది కాదు. రెండు రోజులు పేటంతటికీ నీళ్లు లేవు. కింది రోడ్డు సంపులన్నిటిలో బురద చేరింది. చివరి మడికి మొదటి నీళ్లు అనుకుంటే, నీళ్లు తమ దారిన తూము పక్క మడికే పోయాయి. సోమవారం విడుదల కావాల్సిన నేను, ఆ సోమవారం ఇంజనీరు గదిలో నిలబడ్డాను, పక్కన పెద్దాయన. జేబులో ఉత్తరువు తడిసి, మడతల దగ్గర చిరుగుతోంది.

ఇంజనీరు ఒకటే ప్రశ్న అడిగాడు. ఆ వాల్వును పదకొండు చుట్లకు మించి తిప్పకూడదని ఇతనికి తెలుసా? తెలిసి తిప్పితే నాది తప్పు, వర్గావణె పోతుంది, ఉద్యోగం సంగతి తర్వాత. తెలియక తిప్పితే చెప్పనివాడిది తప్పు. ఆ పెద్దాయన రిటైరవడానికి ఇంకా రెండు నెలలే ఉంది.

పెద్దాయన ముందే మాట్లాడాడు. నేను చెప్పలేదు సార్, మరిచిపోయాను, ముసలితనం అన్నాడు కన్నడలో. అంత సహజంగా అబద్ధం చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఇంజనీరు రాసుకోబోయాడు. నేను ఊరుకుంటే చాలు. ఆ సాయంత్రమే పేరేసంద్రలో దిగొచ్చు. ఊరుకోవాలనే అనుకున్నాను కూడా, ఇప్పుడు దాచి ఏం లాభం. ఒక పది లెక్కపెట్టేంతసేపు ఊరుకున్నాను. ఆ పది లెక్కపెట్టడంలో, పెద్దాయన చెప్పులకు శుక్రవారం నాటి ఎర్రబురద ఇంకా అంటుకొని ఉండటం కనిపించింది.

"చెప్పినాడు సార్. మొదటి వారమే చెప్పినాడు" అన్నాను. కంగారులో కన్నడం రాలేదు, తెలుగులోనే అన్నాను. ఇంజనీరుకు తెలుగు తెలుసని ఆ రోజే తెలిసింది.

ఆయన కలం కింద పెట్టాడు. తప్పు ఎదుటివాడి మీదికి తోసేవాళ్లను రోజూ చూస్తాను, నాది నాది అని లాక్కునేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను, ఇద్దరూ బయటికి నడవండి అన్నాడు. విచారణ ముగిసేదాకా నా వర్గావణె ఆపేశాడు. పాత అతుకు గురించి పెద్దాయన రాసిచ్చిన కాగితాలు రెండూ ఆఫీసులోనే దొరికాయి కాబట్టి, మా ఇద్దరి మీదా పెద్దగా ఏమీ పడదని తర్వాత తేలింది.

బయట వరండాలో పెద్దాయన నన్ను తిట్టాడు. "తొమ్మిదేండ్లుగా నీ పేరేసంద్ర కత విని నా చెవులు చిల్లులు పడినాయి. నువ్వు పోతే పీడ పోతాదని అబద్ధం చెప్పినా. దాన్ని కూడా చెడగొట్టుకుంటివి కదప్పా." నాకు ఏడుపొచ్చింది. సొంత ఊరు వదలడమంటే ఏమిటో తెలియని మనిషని నేను జాలిపడ్డాను. నన్ను నా ఊరికి పంపడానికి ఆయన రిటైరవడానికి రెండు నెలల ముందు ముప్పై ఏళ్ల మంచి పేరు పణంగా పెట్టాడు.

విచారణ మూడు నెలలు సాగింది. దాన్ని శిక్ష అన్నారు. ఆ మూడు నెలల్లో జరిగినవి చెబుతాను, శిక్ష అవునో కాదో మీరే చూసుకోండి. మొదటిది, నాకు పేరొచ్చింది. దిన్నె మీదా కిందా అందరూ నన్ను 'గండి' అని పిలవడం మొదలుపెట్టారు. గండి సార్ వచ్చాడా, గండిని అడుగు. మొదట సిగ్గుపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, ఊళ్లో నాకున్న పేరు తాతది, ఇది మాత్రం నేను నడుం లోతు బురదలో నిలబడి తెచ్చుకున్నది. నిచ్చెన పెద్దమనిషి నేను కనబడితే కాఫీ ఇప్పించేవాడు. ఇంటిపేరేమిటి, ఎవరి వాళ్లని ఒక్కసారీ అడగలేదు, సంపులో బురద గురించి మాత్రం ప్రతిసారీ అడిగేవాడు. ఇదంతా ప్రేమేనని మురిసిపోయి పెద్దాయనతో చెప్పాను. "ప్రేమ లేదు, దోమ లేదు. నేను పోతే ఐదు వాల్వులు యాడుండాయో నీకు తప్ప ఎవురికీ తెలీదు" అన్నాడు. అయితే ఏమైంది అనిపించింది. ఊళ్లో నన్ను అందరూ ఎరుగుదురు, నా అవసరం ఎవరికీ లేదు. ఇక్కడ ఎవరూ ఎరగరు, పొద్దున ఎనిమిదింటికి నేను రాకపోతే మూడు వందల ఇళ్లు వీధిలోకి తొంగిచూస్తాయి. రెండో దాంట్లోనూ ఒక రుచి ఉందని అప్పుడే తెలిసింది.

రెండోది, దిన్నె కథ. కొత్త అతుకు వేశారు, అయినా అత్త అత్తే. మేమిద్దరం ఒక వారం కూర్చొని ఆలోచించి, చాలా చిన్న సంగతి కనిపెట్టాం. పదకొండు చుట్లే, కాని కింది రోడ్ల కంటే గంట ముందు. గొట్టం నిండుగా ఉన్నప్పుడు ఇస్తే పదకొండుతోనే కొస వరకు పోతాయి. మా తాత మాట సరైందే, మా తాత తొందరపడేవాడు కాదు, అంతే తేడా. కింది రోడ్ల ఫోన్లు వారం రోజులు మోగి, గంట ఆలస్యానికి అలవాటుపడి ఆగిపోయాయి. పూలామె కొళాయి ఇప్పుడు బుస కొట్టడం లేదు. నన్ను చూసినప్పుడల్లా ఒక మూర మల్లెలు ఇచ్చేది, ఊరికి తీసుకుపొమ్మని. శనివారం దాకా అవి వాడిపోతాయని ఆమెకూ తెలుసు.

పెద్దాయన చివరి రోజు నన్ను పన్నెండు వాల్వుల దగ్గరికీ తిప్పాడు. ప్రతి మూత మీదా ఒకసారి కాలు పెట్టాడు. అత్త దగ్గర కీ నా చేతికిచ్చి, "పదకొండు" అన్నాడు. ఆ రాత్రి గదికి పోయాక గోడకు మేకు కొట్టాను. ఇంటి యజమాని గోడ పాడవుతుందని గొడవపెట్టుకున్నాడు కూడా.

విచారణ ముగిసి, జాగ్రత్తగా పనిచేయమని ఒక హెచ్చరిక రాసిచ్చి, ఇంజనీరు నా వర్గావణె ఉత్తరువు మళ్లీ బల్ల మీద పెట్టాడు. శుభ్రంగా కొత్తగా టైపు చేసింది. ఎప్పుడు పోతావు అన్నాడు. దాన్ని చదివాను. రెండోసారి చదివాను. మా ఆమె గుర్తొచ్చింది, పిల్లలు గుర్తొచ్చారు, పేరేసంద్ర గాలి గుర్తొచ్చింది. రేపు పొద్దున దిన్నెకు ఎవరు ఇస్తారు అన్నది కూడా గుర్తొచ్చింది, అదే గట్టిగా గుర్తొచ్చింది. ఉత్తరువును ఆయన వైపు జరిపి, వద్దు సార్ అన్నాను. నా నోటి నుంచే ఆ మాట వచ్చిందా అని నేనే చుట్టూ చూశాను.

ఆయనకు చెప్పడం తేలిక. శనివారం ఇంటికి పోవడమే కష్టమైంది. మా ఆమె నాకోసం పడమటి గది కడిగి, సున్నం కొట్టించి పెట్టింది. నేను అరుగు మీద కూర్చున్నాను. చెప్పులు కూడా విప్పలేదు.

"ఆర్డరు వచ్చినాదా?" అంది.

"వచ్చినాది." తొమ్మిదేళ్లు ఆ ఇంట్లో పలకకుండా ఉన్న మాట, ఇంకోటి దొరక్క, అదే చెప్పాల్సి వచ్చింది. "దానికి నీళ్లొదిలేసినా."

ఆమె సున్నం గదిలోకి ఒకసారి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకు భయమేసింది. తర్వాత నేను ఎదురుచూడని ప్రశ్న అడిగింది. ప్రతి శనివారం నేను చెప్పే కబుర్లన్నీ ఆమె వింటోందని నాకు తెలియదు.

"ఆ దిన్నె మీదోళ్లకు నీళ్లు అందుతాండాయా?"

"అందుతాండాయి."

"అట్లయితే నువ్వు ఒదిలింది యాడికీ పోలేదులే" అని లోపలికి పోయింది. గిన్నెల చప్పుడు వినిపించింది. కాసేపటికి రెండు ఇత్తడి బిందెలు చంకన పెట్టుకొని గడప దగ్గరికి వచ్చింది. "ఆడ బిందెలు దొరుకుతాయా, ఈటినే కట్టుకోవల్లనా?"

"ఈటినే కట్టుకో. మా ఊర్లో కొళాయి కింద ఎవురి బిందె వాళ్లే పెట్టుకోవల్ల" అన్నాను.

ఆమె బిందెలు కిందికి దించింది. నన్ను ఎగాదిగా చూసింది.

"ఏ ఊర్లో?" అంది.